పెట్టె వెనక బల్లి

పెళ్ళిచూపులకు మైదుకూరు వెళ్ళిన మునీంద్ర, పిల్ల ఇంకా హాల్లోకి రాకముందే ఆ ఇంటి టీవీ పెట్టె స్విచ్చి ఆపేశాడు.

కావాలని చేయలేదు. టీవీ నల్లగా ఉంది. దాని కింద అరచేయంత స్ట్రీమింగ్ పెట్టె మీద మాత్రం చిన్న లైటు వెలుగుతోంది. ఎవరూ చూడనిచోట ఏదో ఒకటి మేలుకొని ఉండటం అతనికి పడదు. కర్నూల్లో గదికి తాళం వేశాక కూడా, ఫ్యాను ఆపానో లేదో చూడటానికి మళ్ళీ మెట్లెక్కుతాడు. మనసులో పుట్టిన ఇష్టాలనూ అట్లాగే, గడప దాటకముందే ఆపేసుకుంటాడు.

కాఫీ తెచ్చిన పెళ్ళిపిల్ల నాగజ్యోతి, మొదట పెట్టె వైపు చూసింది. తర్వాతే అతని వైపు.

"దీన్ని ఎవరు ఆపింది?"

"నేనే. ఊరికే కరెంటు కాలుతాంటే..."

"దాన్ని ఆపే పనిలేదు. చూసేవాళ్ళు లేకుంటే అదే పండుకుంటాది."

"పండుకునేదానికి లైటెందుకు?"

"మళ్ళీ పిలిస్తే పలకాల గదా."

ఆ మాట అతని లోపల ఎక్కడో తగిలి, అక్కడే ఉండిపోయింది.

అసలు సంగతి పిల్ల నాయనమ్మ, జేజి నాగలక్ష్మమ్మ చెప్పింది. ఆ పెట్టె వెచ్చదనానికి దాని వెనక ఒక బల్లి కాపురముంటోంది. అది పలికితేనే ఆ ఇంట్లో మగ్గానికి కొత్త పడుగు ఎక్కుతుంది. పిల్ల తండ్రి సుబ్బయ్య పుచ్చిపన్ను పీకించుకున్నదీ అది పలికాకే. పలకలేదని రాయచోటి సంబంధాన్ని వెనక్కి పంపేశారు.

"ఈ ఎండల్లో దానికి వెచ్చదనమెందుకమ్మా?" అన్నాడు మునీంద్ర మేనమామ మహానంది.

"అలవాటుపడిందప్పా," అంది జేజి.

స్విచ్చి మళ్ళీ వేశారు. అందరూ గోడకేసి చూస్తూ కూర్చున్నారు. కాఫీల మీద మీగడ కట్టింది. బల్లి పలకలేదు. రాహుకాలం వస్తోందని మహానంది లేచాడు. మనసు కష్టపెట్టుకోవద్దని జేజి మునీంద్రకు చెప్పింది.

మునీంద్ర కూడా లేచాడు. మనసు లోపలి చెయ్యి అలవాటుగా స్విచ్చి వైపు పోయింది. ఈసారి ఆ చేతినే పట్టుకుని ఆపాడు.

"నాకు మీ పిల్ల నచ్చింది," అన్నాడు, పెట్టెతోనే చెబుతున్నట్టు.

టక్ టక్ టక్.

జేజి వేలితో నేలను తట్టి, "సత్యం, సత్యం," అంది. సుబ్బయ్య కళ్ళు తుడుచుకున్నాడు.

మునీంద్ర ఒక్కడే తల ఎత్తి చూశాడు. బల్లి హాలు మూలనున్న మగ్గం పైదూలం మీద, నోరు మూసుకుని, నిద్రపోతోంది. తలుపు చాటున నాగజ్యోతి పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుని, చాలా అమాయకంగా గోడను చూస్తోంది.

వీధి చివర దాకా వెళ్ళాక అతను వెనక్కి తిరిగాడు.

"మళ్ళీ ఏమప్పా?" అన్నాడు మహానంది.

అతను పరుగున వచ్చేసరికి నాగజ్యోతి వాకిట్లోనే నిలబడి ఉంది. లోపల చిన్న లైటు వెలుగుతోంది.

"ఆపలేదు," అంది. "పోయిరాండి."