మూడడుగుల ఖాళీ

ఆ ఉదయం కూడా చిన్నకోడలు భోజనాల బల్ల మీదున్న కుట్టుమిషన్ను పక్కకి జరిపి కాఫీ గ్లాసులకి చోటు చేసింది. వీధిలో సగం మందికి బట్టలు కుట్టేది ఆవిడే. వేరే గది లేదు కాబట్టి తినడమూ కుట్టడమూ ఆ బల్ల మీదే. బస్సు డ్రైవరైన ఆవిడ భర్త, ముద్దలో దారప్పోగు తగిలితే తీసి పక్కన పెట్టి కిక్కురుమనకుండా తినడం ఏనాడో నేర్చుకున్నాడు.

అలాంటి మనిషి గడ్డం గీసుకుంటూ పేపరు చూసి ఎగిరి లేచాడు.

"ఏమేవ్, చట్టం మార్చేశారు! ఇంటి వెనక చిన్న గది వేసుకోవడానికి ఇక అనుమతి అక్కర్లేదట. నీ మిషను గది వచ్చేసినట్టే!"

సగం గీసిన గడ్డంతోనే పెరట్లోకి పరిగెత్తి సుద్దముక్కతో గది గీసేశాడు. తలుపు గీశాడు. కిటికీ ఎక్కడ గీయాలో తెలియక నేల మీదే ఒక డబ్బా గీశాడు. ఆవిడ అందులో నిలబడి చూసుకుని మురిసిపోయింది.

సాయంత్రం మేస్త్రీ వచ్చి టేపు పరిచి పెదవి విరిచాడు.

"అనుమతి అక్కర్లేని మాట నిజమే సార్. కానీ పక్కింటి గోడకి మూడడుగులు ఖాళీ వదలాలి. మీ పెరడే ఏడడుగులు. ఆ మూడూ పోగా, కట్టే గోడల మందం పోగా, మిషను పడితే అమ్మగారు పట్టరు."

"మరి దారేమీ లేదా?" అంది చిన్నకోడలు.

"ఉందమ్మా. పక్కింటివాళ్ళు కూడా ఇప్పుడే గది వేసుకుంటే, ఇద్దరూ కలిపి మధ్యలో ఒకటే గోడ కట్టుకోవచ్చు. ఖాళీ వదలక్కర్లేదు. మున్సిపల్ ఆఫీసుకెళ్ళి ఇద్దరూ సరేనంటే చాలు."

డ్రైవరు మొహం మాడిపోయింది. పక్కిల్లు స్వయానా అన్నగారిది. ఆయన రిటైరైన డ్రిల్లు మాస్టారు. నాలుగేళ్ళ క్రితం ఆయన కొత్త కారుని తమ్ముడు వెనక్కి తీస్తూ గేటుకి గుద్దించాడు. "వీడి బస్సెక్కినవాళ్ళు ఎలా బతికున్నారో!" అని మాస్టారు చుట్టాలందరి ముందూ అనేశారు. అప్పట్నుంచీ అన్నదమ్ములకి మాటల్లేవు. చెప్పుకోక తప్పని మాటలన్నీ తోడికోడళ్ళిద్దరూ వంటింటి కిటికీల్లోంచి చేరవేస్తున్నారు.

"ఆ గదే వద్దు పో," అన్నాడు డ్రైవరు.

చిన్నకోడలు మిషన్ను రెండు చేతులా ఎత్తి తీసుకెళ్ళి మంచం మీద, సరిగ్గా ఆయన పడుకునే చోట పెట్టింది.

"ఇదేంటి?"

"ఇక దీని చోటు ఇదే. మీ పౌరుషాన్ని పక్కనేసుకుని మీరు బల్ల మీద పడుకోండి."

మర్నాడు నడుం పట్టుకుని లేచిన డ్రైవరు, "అడిగి చూడు వదినని," అని గొణిగాడు.

కిటికీ అవతల పెద్దకోడలు వెంటనే ఒప్పుకుంది. "మీ బావగారికీ ఒక గది కావాలే."

"ఎందుకక్కా?"

ఆవిడ గిన్నె మీద లేని మరకని తోముతూ మాట మార్చేసింది.

ఆఫీసు మేడ మీద ఉంది. డ్రైవరు దంపతులు ముందే వెళ్ళి కూర్చున్నారు. మాస్టారు ఎంతకీ రాలేదు.

"చూశావా, నన్ను పడిగాపులు కాయించడానికే ఈ ఆలస్యం," అన్నాడు డ్రైవరు.

చివరికి చెమటలు కక్కుతూ, నిటారుగా, భార్య భుజం మీద చెయ్యి వేసుకుని మాస్టారు వచ్చారు. వచ్చి బెంచీకి ఆ చివర కూర్చున్నారు.

"కలిసి కట్టుకోవడం ఇద్దరికీ ఇష్టమేనా?" అన్నాడు ఆఫీసరు.

"నాకిష్టమేనని ఆయనకి చెప్పండి," అన్నాడు డ్రైవరు.

"విన్నానని వాడికి చెప్పండి," అన్నారు మాస్టారు.

ఆఫీసరు కలం కింద పెట్టాడు. "మీ ఇద్దరి మధ్యా మాటలు మొయ్యడానికి నేనేమైనా మీ ఇంటి మూడో కోడలినా? సరే, గది దేనికో చెప్పండి. రాసుకోవాలి."

"మా ఆవిడ కుట్టుపనికి," అన్నాడు డ్రైవరు.

మాస్టారు గొంతు సవరించుకున్నారు. కిటికీ వైపు చూశారు. "పడుకోవడానికండీ. మా పడగ్గది మేడ మీద. మోకాళ్ళు పోయాయి. మెట్లెక్కలేకపోతున్నాను."

డ్రైవరు అన్నగారి మోకాళ్ళ వైపు చూశాడు. బళ్ళో అన్నయ్య విజిలేస్తే ఊరంతా విని పరిగెత్తిన రోజులు డ్రైవరుకి తెలుసు. రోజూ గోడ పక్క నుంచే డ్యూటీకి వెళ్తున్నాడు. ఒక్కసారీ తల తిప్పి చూడలేదు.

"ఎప్పట్నుంచి అన్నయ్యా?"

"ఏడాదైంది."

"ఒక్క మాట చెప్పలేదేం వదినా?"

"ఆయనే వద్దన్నారు," పెద్దకోడలు కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "తెలిస్తే పరిగెత్తుకొచ్చేస్తాడు, జాలిపడి రావడం నాకొద్దు అన్నారు."

"జాలా? నాకు మండిపోతోంది!" అన్నాడు డ్రైవరు. అంటూనే బెంచీ మీద అన్నగారి వైపు జరిగాడు.

మాస్టారు తలొంచుకున్నారు. "అందరి ముందూ ఆ మాట అనకుండా ఉండాల్సిందిరా."

ఆఫీసరు ముక్కు చీదుకుని ముద్ర కొట్టేశాడు.

దిగేటప్పుడు తమ్ముడు ఒక మెట్టు ముందు నడిచాడు. అన్న అతని భుజం గట్టిగా పట్టుకున్నారు. సగం మెట్లు దిగేసరికే మొదలైంది.

"కిటికీ వీధి వైపు పెట్టించు."

"నీకేం తెలుసు అన్నయ్యా, దుమ్మంతా లోపలికే."

"నాకా తెలియదు?"

వెనకాల చిన్నకోడలు తల పట్టుకుంది. "మళ్ళీ తగువే అక్కా!"

"పడనియ్యవే," అంది పెద్దకోడలు, కళ్ళు తుడుచుకుని నవ్వుతూ. "ఒకళ్ళతో ఒకళ్ళు నేరుగానే పడుతున్నారుగా. ఇవాళ మన నోళ్ళకి సెలవు."