పన్నెండు అంగల గీత

కందుకపురం రాజ్యంలో ఆ ఏడు నారుమళ్ళు ఎండి పసుపు రంగుకు తిరిగాయి. వాగులో నీళ్ళున్నాయి, తూము ఉంది, తూము ఎత్తే మనుషులూ ఉన్నారు. అయినా చుక్క నీరు వదల్లేదు. వదలమని చెప్పవలసిన మనిషి రాయైపోయి ఉన్నాడు మరి.

ముందు జరిగింది చెబుతాను, తొందరపడకండి. కందుకపురానికీ పక్కనున్న వజ్రకోటకూ చిలకవాగు ఒక్కటే ఆధారం. ఎవరి పొలాలకు ముందు నీళ్ళు అనే దగ్గర ముత్తాతల కాలంలో తలలు పగిలాయట. చివరికి ఆ ముత్తాతలే విసిగిపోయి ఒక కట్టుబాటు చేసుకున్నారు. ఏటా నాట్లకు ముందు రెండు రాజ్యాల వాళ్ళూ చెడుగుడు ఆడాలి. గెలిచిన వాళ్ళకు మూడు రోజులు ముందుగా నీళ్ళు. గెలుపు ఎవరిదో చెప్పేవాడు తీర్పరి ఒక్కడే. ఆట మధ్యలో ఆగిందా, తీర్పరి మళ్ళీ పిలిచేదాకా అతనూ అతని శిష్యులూ తప్ప బరిలో ఎవరూ కాలు పెట్టకూడదు.

ఆ తీర్పరి కోనప్ప. ఇంటి వాసాలు తలకు తగిలేంత పొడగరి. ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న పిల్ల పైడి. సున్నం బట్టీ వాళ్ళమ్మాయి, పద్నాలుగేళ్ళది. గీతలకు సున్నం తెచ్చి ఇచ్చాక ఇంటికి పోకుండా ఆట చూస్తూ నిలబడేది. చూస్తూ నిలబడితే పని రాదని కోనప్ప ఒకరోజు ఆమె చేతికి జల్లెడ ఇచ్చాడు. అప్పటి నుంచి ఎనిమిది నెలలు కుస్తీ గోదాకు మట్టి జల్లించడం, అందులో పసుపూ నూనే మజ్జిగా కలిపి తొక్కడం, చెడుగుడు బరికి సున్నం తడపడం, ఇవే ఆమె పనులు. తీర్పు చెప్పడం ఎప్పుడు నేర్పుతావని అడిగినప్పుడల్లా ఆయన జల్లెడ వైపు చూపించేవాడు. పైడికి ఒళ్ళు మండేది. మీకైనా మండుతుంది.

ఆట రేపనగా సాయంత్రం కోనప్ప బరి కొలవడం మొదలుపెట్టాడు. నడి గీత నుంచి పన్నెండు అంగలు వేసి ఒక పక్క చివరి గీత గీశాడు. అంతలో మోకాలు పట్టేసింది. రెండో పక్క నువ్వు గీయమని పైడితో చెప్పి, కుంటుకుంటూ ఇంటికి పోయాడు. పైడికి ఏనుగెక్కినంత సంబరమైంది. పన్నెండు అంగలు వేసింది, గీత గీసింది. ఆ అంగలు ఎవరివి? పద్నాలుగేళ్ళ పిల్లవి. ఆ సంగతి ఆమెకు అప్పుడు తోచలేదు.

మర్నాడు ఆ పొట్టి పక్క వజ్రకోట వాళ్ళకు వచ్చింది. ఆట రసపట్టులో ఉండగా కందుకపురం ఆటగాడు కూతకు వచ్చాడు. వజ్రకోట బసవడు అతనికి అందకుండా వెనక్కి దూకాడు. మడమ చివరి గీతకు జానెడు అవతల పడింది. గీత దాటినవాడు చచ్చినట్టే కాబట్టి కోనప్ప అలాగే తీర్పు చెప్పాడు. బసవడు ఒప్పుకోలేదు. ఇరవై ఏళ్ళుగా ఆడుతున్నాను, గీత ఇంత దగ్గరగా ఎప్పుడూ లేదన్నాడు.

కోనప్ప శిష్యురాలి వైపు తిరిగాడు. "పన్నెండు అంగలేనా, పైడీ?"

సరిగ్గా ఆ క్షణానే పైడికి తన పాదాలు కనిపించాయి. తప్పెక్కడ జరిగిందో తెలిసిపోయింది. అయినా నోట్లోంచి వచ్చిన మాట, "పన్నెండే, తాతా."

కోనప్ప ఒంగి నేలమీద చెయ్యి పెట్టి, ఈ గీత తప్పయితే తాను రాయైపోవాలని బరి యక్షుడి మీద ఒట్టు వేశాడు. తీర్పరులు వేసే ఒట్టు అదే. అలా ఒంగినవాడు ఒంగినట్టే రాయైపోయాడు.

వజ్రకోట వాళ్ళు చేతబడి చేశారని వీళ్ళు, వీళ్ళే చేశారని వాళ్ళు తిట్టుకున్నారు. ఆట ఆగింది, తూము ఆగింది, నారు ఎండసాగింది. కూతలకొండ మీదుండే ఆ బరి యక్షుడే దీనికి మందు చెప్పగలడని మంత్రి అన్నాడు. పేరుమోసిన వస్తాదులు ముగ్గురు మీసాలు దువ్వుకుంటూ బయల్దేరి, అయిదో రోజుకు తలపాగాలు కూడా లేకుండా పరిగెత్తుకొచ్చారు. దారిలో రాక్షసులున్నారట.

పైడికి ఆట ఆగిన రోజు నుంచీ అన్నం సయించడం లేదు. నిజం చెబితే జనం ఊరుకోరని భయం, నాన్న బట్టీ కూలగొడతారని భయం. యక్షుడి దగ్గర మందేదో తెచ్చేస్తే తాత లేస్తాడు, నిజం చెప్పే పనే ఉండదు కదా అనుకుంది. నవ్వకండి, మీలో చాలామంది అలాగే అనుకుంటారు. తెల్లవారగానే అటుకుల మూటా గీతలు గీసే తాడూ పట్టుకుని అడవి దారి పట్టింది.

రెండో రోజున ఇరుకు కనుమలో ఒక ముసలి ఏనుగు దారికడ్డంగా నిలబడి ఉంది. పక్కకు జరగమని పైడి లోగొంతుతో వేడుకుంది. ఏనుగు కదల్లేదు.

"నీళ్ళు నమిలేవాళ్ళకు నేను దారివ్వను. వచ్చావని నాకు తెలియాలి గదా" అంది.

పైడికి గట్టిగా మాట్లాడే అలవాటే లేదు. ఏం చెయ్యాలో తోచక చెడుగుడు కూత పెట్టింది. మొదట పిల్లి కూసినట్టుంది. ఊపిరి బిగబట్టి మళ్ళీ పెట్టింది. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా పెడుతూనే ఉంది. నడుమ రెండుసార్లు ఏడ్చింది కూడా. ఎండ నడినెత్తికి వచ్చేసరికి కూత కనుమలో మోగింది, ఏనుగు చెవులు కదిలాయి. అది పక్కకు జరిగి, ముందున్న రాక్షసులు అడిగిన వెంటనే జవాబు చెప్పవద్దని హెచ్చరించి పంపింది.

ఆ రాక్షసులు అన్నదమ్ములు. అన్న గుండోదరుడు, తమ్ముడు తాటిజంఘుడు. తండ్రి వదిలిన గుహ ఎవరిదో తేల్చుకోవడానికి నూరేళ్ళుగా కుస్తీ పడుతున్నారు. దారిన పోయేవాళ్ళను ఆపి ఎవరు గెలిచారని అడుగుతారు. అన్న అంటే తమ్ముడు మీదపడతాడు, తమ్ముడంటే అన్న. వస్తాదులకు పట్టిన గతి అదే. వాళ్ళు పైడినీ అడిగారు.

పైడి వెంటనే జవాబు చెప్పలేదు. చుట్టూ చూసింది. నేలంతా రాళ్ళూ మోళ్ళూ. ఇది గోదా కాదు, ఇక్కడ బ్రహ్మదేవుడు కూడా గెలుపు చెప్పలేడంది. రాక్షసులు ముఖాలు చూసుకున్నారు. ఆ మాట వాళ్ళకు నూరేళ్ళలో ఎవరూ చెప్పలేదు. ఇక పైడి వాళ్ళచేత రాళ్ళు ఏరించింది, మట్టి తవ్వించింది. తాను జల్లించి, వాళ్ళ గుహలోంచి పసుపూ నూనే మజ్జిగా తెప్పించి కలిపి తొక్కింది. రెండు రోజులు పట్టింది. ఎనిమిది నెలలు చేసిన పనే కాబట్టి చేతులు తడుముకోలేదు.

కుస్తీ జరిగింది. దుమ్ము అణిగాక నేనే గెలిచానని అన్న రొమ్ము చరుచుకున్నాడు. పైడి ఇద్దరి చుట్టూ తిరిగి చూసింది. తమ్ముడి ఒక భుజానికే పసుపు మట్టి అంటింది. అన్నకు రెండు భుజాలకూ అంటింది. రెండు భుజాలూ నేలకు తగిలినవాడు ఓడినట్టు.

"గుండోదరుడు ఓడాడు" అంది.

గుండోదరుడు నోరు తెరిచి ఆమె మీదికి ఒంగాడు. పైడి వెనక్కి జరగలేదు.

"తింటే తిను. తీర్పు మాత్రం మారదు. నీ భుజాలు నువ్వే తడుముకుని చూసుకో" అంది.

వాడు ఒక భుజం తడిమాడు, రెండోది తడిమాడు. చేతికంటిన పసుపు మట్టిని చాలాసేపు చూశాడు. తరవాత చతికిలబడి, నూరేళ్ళ పీడ వదిలిందిరా తమ్ముడూ, గుహ నీదే అన్నాడు. అన్నను అందులోనే ఉండమని తమ్ముడు అన్నాడు. ఆ తరవాత ఇద్దరూ కలిసి పైడిని భుజాల మీద ఎక్కించుకుని కూతలకొండ ఎక్కించారు.

యక్షుడు రాతి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. మా తాతకు ఎవరో ప్రయోగం చేశారు, మందు కావాలని పైడి అడిగింది. యక్షుడు తన చేతి కడియం తీసి ఆమె ముందు పెట్టాడు.

"ఇది తొడుక్కుంటే నువ్వు ఏం చెప్పినా జనం నమ్ముతారు. గీత సరైనదే అను, నమ్ముతారు. వజ్రకోట వాళ్ళదే తప్పను, నమ్ముతారు. నిన్నే తీర్పరిని చేస్తారు."

ఈయనకు అంతా తెలుసని పైడికి అర్థమైంది. "తాత లేస్తాడా?" అని అడిగింది.

"లేవడు. నిన్ను మాత్రం ఎవరూ ఏమీ అనరు."

పైడి కడియం చేతిలోకి తీసుకుంది. అబద్ధం ఎందుకు, చాలాసేపే పట్టుకుంది. ఇది ఉంటే గుండోదరుడు భుజాలు తడుముకునేవాడే కాదు, నేనూ మట్టి చూడవలసిన పని ఉండేది కాదు అనుకుంది. తరవాత దాన్ని అరుగు మీద పెట్టేసింది.

"గీత తప్పు. నేనే గీశాను. తాత లేచే దారి చెప్పు" అంది.

"మాట ఎక్కడ తప్పిందో అక్కడే, అందరి ముందూ దిద్దుకో. అంతకు మించి మందు లేదు" అన్నాడు యక్షుడు.

ఇంతోటి దానికి ఇంతదూరం రావాలా అని పైడికి ఏడుపొచ్చింది. కానీ దిగింది. రాక్షసులు ఆమెను అడవి అంచున దింపి పోయారు.

బరి దగ్గరికి వచ్చేసరికి రెండు వైపులా సైన్యాలు మోహరించి ఉన్నాయి. రాజులిద్దరూ గుర్రాల మీద ఉన్నారు. పైడి తిన్నగా బరిలోకి నడిచి, ఒంగి ఉన్న రాతి కోనప్ప పక్కన నిలబడి, కనుమలో పెట్టినంత గట్టిగా కూత పెట్టింది. అందరూ తిరిగి చూశారు.

"ఇందులో తాత తప్పు లేదు. ఎవరి చేతబడీ లేదు. ఈ పక్క గీత నేను గీశాను, నా అంగలతో. తాత అడిగినప్పుడు తెలిసి కూడా చెప్పలేదు."

కందుకపురం జనంలోంచే నోరుముయ్యమని ఎవరో అరిచారు. నీళ్ళు పోతాయన్న భయం వాళ్ళది. కందుకపురం రాజు గుర్రం ముందుకు నడిపి, "నువ్వు ఎవరి పక్షమే, పిల్లా?" అని అడిగాడు.

"బరిలో నాకు పక్షం లేదు, దొరా" అంది పైడి.

తాడు తీసి కోనప్ప గీసిన పక్కను కొలిచింది. అదే తాడును రెండో పక్క పరిచింది. తాడు గీత దాటి మూడు మూరలు పోయింది. గీతకు జానెడు అవతల బసవడి మడమ గుర్తు ఇంకా అలాగే ఉంది. అది తాడుకు లోపలే ఉందని కళ్ళున్న ప్రతివాడికీ కనిపించింది.

"ఆ తీర్పు చెల్లదు. వజ్రకోట బసవడు చావలేదు" అంది పైడి.

రాతి వేళ్ళ కింద మట్టి కదిలింది. ముందు చెయ్యి, తరవాత భుజం, తరవాత మనిషంతా కదిలి కోనప్ప మోకాలు పట్టుకుని మూలుగుతూ లేచాడు. పైడి ఆయన్ని వాటేసుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఆయన ఆమె తల నిమురుతూ నేల మీదున్న తాడును చూశాడు, సంగతి గ్రహించాడు.

"పన్నెండు అంగలన్నప్పుడు ఎవరివో చెప్పకపోవడం నా తప్పు. అడిగినప్పుడు నోరు విప్పకపోవడం నీది. ఇద్దరం గుర్తుపెట్టుకుందాం" అన్నాడు.

గీత సరిచేశాక మిగిలిన ఆట మొదలుపెట్టాలి. కోనప్పకు నిలబడే ఓపిక లేదు. తీర్పరి ఎవరా అని రెండు పక్షాలూ తర్జనభర్జన పడుతుంటే బసవడు ముందుకొచ్చాడు.

"ఆ పిల్లను చెప్పనివ్వండి. సొంత రాజు ముఖం మీదే చెప్పింది గదా, నాకు ఆ నమ్మకం చాలు" అన్నాడు.

పైడి చెప్పింది. వజ్రకోట ఒక్క ప్రాణంతో గెలిచింది. మూడు రోజులు వాళ్ళకు, నాలుగో రోజు నుంచి కందుకపురానికి నీళ్ళు పారాయి. పసుపు తిరిగిన నారు మళ్ళీ పచ్చబడింది. రాజు పది రోజులు ముఖం ముడుచుకుని ఉండి, ఆ తరవాత తనంతట తనే సున్నం బట్టీకి మనిషిని పంపి, ఇకమీదట కూడా బరికి సున్నం మీరే పొయ్యాలని చెప్పించాడు.

ఆట మర్నాడు పైడి కొత్త పావడా కట్టుకుని పనికి వచ్చింది. తీర్పరినైపోయానని ఆమె ధీమా. కోనప్ప జల్లెడ చూపించాడు. పైడి ఒక నిమిషం దాని వంక చూసి, పావడా ఎగదోపుకుని మట్టి జల్లించడానికి కూర్చుంది. ఈసారి ఒళ్ళు మండలేదు. నాలుగేళ్ళ తరవాత రెండు రాజ్యాలూ ఒక్క మాట మీద ఆమెనే తీర్పరిగా కోరుకున్నాయి. అప్పుడు కోనప్ప తన అంగలకు సరిపడా ముడులు వేసిన తాడొకటి ఆమె చేతిలో పెట్టాడు.

కథ చివరి గీత దాకా వచ్చేసింది. లేవండి, వెలుగుండగానే పోయి ఆడుకోండి. బరి మాత్రం తాడుతో కొలిచి గీయండి.