పిడుగు పడని ఓక్

"మా నాన్న శవపేటిక మొయ్యడానికి ఒక్కడూ రానంటున్నాడయ్యా!"

గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది అగోతా. ప్రైవేట్ డిటెక్టివ్ స్కిర్మాంతస్ కుర్చీ చూపించాడు. సహాయకుడు లియోనాస్ మంచినీళ్లు అందించాడు.

మొన్నటి గాలివానలో వాళ్ల లిథువేనియా పల్లెలోని పెద్ద ఓక్ చెట్టు నిలువునా చీలిపోయింది. దాని కింద ఆమె తండ్రి సిమోనస్ శవం దొరికింది, చేతిలో గొడ్డలితో. ఓక్ పిడుగుల దేవుడు పెర్కూనస్ చెట్టు. దానిమీద గొడ్డలెత్తిన పాపిని దేవుడే కొట్టాడని ఊరంతా తేల్చేసింది.

"రోజూ ఆ చెట్టుకి దణ్ణం పెట్టుకునే మనిషండీ మా నాన్న! నరుకుతాడా?"

మధ్యాహ్నానికి ముగ్గురూ చెట్టు దగ్గరున్నారు. జనం దాని పేళ్లు ఏరుకుంటున్నారు. పిడుగు పడ్డ ఓక్ పేడు కొరికితే పంటినొప్పి పోతుందని అక్కడివాళ్ల నమ్మకం. ముసలి బార్బోరా అప్పటికే ఒకటి నోట్లో పెట్టుకుంది. మొద్దులు పేల్చి పొలాలు చదును చేసే బాల్‌త్రుస్, అంటే చనిపోయినాయన తమ్ముడు, దవడకు గుడ్డ కట్టుకుని దూరంగా నిలబడ్డాడు.

"పంటినొప్పా?" అన్నాడు స్కిర్మాంతస్.

"వారంగా చంపుతోందండీ. లవంగనూనె రాస్తున్నా, తగ్గట్లేదు."

స్కిర్మాంతస్ చీలిన మానుని తడిమి చూశాడు. గొడ్డలి గాటు ఒక్కటీ లేదు. లోపల మాత్రం నున్నటి గుండ్రటి గాడి ఉంది, నల్లగా మాడి. ఆయన అందరినీ దగ్గరికి పిలిచి, ఒక పేడు తీసి బాల్‌త్రుస్‌కి అందించాడు.

"కొరకండి."

బాల్‌త్రుస్ చెయ్యి చాపలేదు.

"వారంగా నొప్పి, కళ్లముందే మందు. ఊరంతా ఏరుకుంటుంటే మీరొక్కరే ముట్టలేదేం? ఇది పిడుగు పడిన కర్ర కాదని మీకొక్కరికే తెలుసు కనక. ఇదిగో రంధ్రం. పిడుగు చిల్లులు పెట్టే బర్మా పట్టుకుని దిగుతుందా? ఉరుముల చప్పుడులో మందుగుండు పేల్చారు."

"మరి నా నొప్పి తగ్గిందే!" అంది బార్బోరా. ఎవరూ నవ్వలేదు.

బాల్‌త్రుస్ దవడ గుడ్డ విప్పేశాడు. "పొలానికి అడ్డమని చెట్టుని పడగొడదామనుకున్నానంతే. వత్తి వెలిగించాక అన్నయ్య పరిగెత్తుకొచ్చాడు. చెట్టుని వాటేసుకున్నాడు..."



"అది పొరపాటే అనుకుంటా బాబాయ్," అంది అగోతా మెల్లగా. "నాన్న చేతిలో గొడ్డలి పెట్టావే, అది?"

జనంలోంచి ఒక్కొక్కరే టోపీలు తీసి, శవపేటిక ఉన్న ఇంటివైపు నడిచారు.