పదింటికల్లా స్టార్టవ్వాలి

టక్.

అంతే. ఇంజన్ కదల్లేదు.

"మళ్ళీ తిప్పండి," అంది ఎలక్ట్రీషియన్ అమ్మాయి, బానెట్ కింద తల దూర్చి.

అతను తాళం తిప్పాడు. మళ్ళీ అదే టక్.

గేటు బయట తుక్కు కొనేవాడి లారీ గొలుసులు దించుకుని సిద్ధంగా ఉంది. అది అతని తాత అరవై ఏళ్ళు నడిపిన కారు. పదింటికల్లా స్టార్టవ్వకపోతే లారీ ఎక్కించేస్తానని నాన్న నిన్ననే తేల్చేశాడు. ఇప్పుడు టైము తొమ్మిదీ నలభై.

"బ్యాటరీ పోయిందేమోనండీ?"

"కొత్తది. నేనే పెట్టాను. నా బ్యాటరీని ఏమీ అనకండి."

"పోనీ, స్టార్టర్?"

"పోయిన నెల మా షాపులో బల్ల మీద గిర్రున తిరిగింది. మీరు నోరు తెరుచుకుని మరీ చూశారుగా!"

అతను చూసింది స్టార్టర్ని కాదు.

"వదిలెయ్యమ్మా!" గేటు దగ్గర్నుంచి కేకేశాడు నాన్న. "చచ్చినదానికి వైద్యమేంటి?"

"ఇంకా ఇరవై నిమిషాలుంది, అంకుల్. అప్పటిదాకా దీని మీద చెయ్యి వెయ్యనివ్వను."

ఆమె మీటరు తీసింది. ఒక కొన బ్యాటరీ నెగటివ్ మీద, రెండోది ఇంజన్ మీద ఆనించింది.

"తిప్పండి."

టక్. మీటరు తొమ్మిది వోల్టులు చూపించింది.

"ఇక్కడ దాదాపు సున్నా ఉండాలి. కరెంటు వెళ్తే చాలదండీ, తిరిగి రావాలి. వచ్చే దారి ఎక్కడో మూసుకుపోయింది."

టార్చి పట్టుకుని కారు కిందికి దూరింది. అతనూ దూరాడు. కరెంటు తిరిగొచ్చే దారి, అంటే ఇంజన్ నుంచి ఛాసిస్‌కి వెళ్ళే ఎర్త్ పట్టీ, గట్టిగానే బిగించి ఉంది. ఆమె బోల్టు విప్పింది. దాని కింద నల్లరంగు అద్దంలా మెరుస్తోంది.

ఆమె మెల్లగా తల తిప్పింది.

"బోల్టు విప్పి, కింద కూడా రంగేసి, మళ్ళీ బిగించిన మహానుభావుడెవరు? రంగులోంచి కరెంటు పోదు కదా!"

అతను గొణిగాడు. "పోయిన నెల ఇక్కడి తుప్పు చూసి మీరు ముఖం చిట్లించారు. ఈసారి వస్తే బాగుందంటారని..."

ఒక్క క్షణం ఆమె చేతిలో స్పానర్ ఆగింది.

"ఇలాంటివి కారు కింద గొణిగితే నేను వినను," అంటూ ఉప్పు కాగితంతో రంగు గీకడం మొదలుపెట్టింది. ఇనుము తెల్లగా తేలింది. పట్టీ మళ్ళీ బిగించింది.

తొమ్మిదీ యాభై ఎనిమిది.

అతను తాళం తిప్పాడు. కారు ఒక్కసారి దగ్గి, వీధి అదిరేలా గర్జించింది. లారీవాడు ఉసూరుమంటూ గొలుసులు పైకి లాగాడు.

నాన్న విసవిసా వచ్చాడు. "నెల కిందట బాగానే ఉందిగా! దీన్ని పాడుచేసిందెవరమ్మా?"

ఆమె చేతులు తుడుచుకుంటూ అతని వైపు చూసింది. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. "అదీ... పాత కారు కదా, అంకుల్..."

అతను కారు దిగాడు.

"కారుదేం తప్పు లేదు నాన్నా. నేనే! ఈ అమ్మాయికి నచ్చాలని రంగేసి పాడుచేసింది నేనే!"