బావి మీద తెల్లచార

బహదూర్‌పురాలో ఆ పాడుబావి అంటే పగలే భయం. చీకటి పడితే అందులో పసిపిల్ల ఏడుస్తుందని పేరు. ఎమర్జెన్సీకి ముందు మాట ఇది. మా చిన్నాయన బాలకిషన్ మాత్రం ఆ పేరుని కొట్టిపారేసేవాడు.

"ఏడ్చేది జూల నెమళ్లు రా. జూ పెట్టినంక దయ్యాలు గూడ పెరిగినయ్" అని నవ్వేవాడు.

ఆ నవ్వంతా... ఒక్క సాయంత్రం దాకానే.

చిన్నాయనది ఫొటో స్టూడియో. చావు ఇళ్లకు కూడా వెళ్లేవాడు. ఆయన మడత కెమెరాలో ఒక్కో ఫొటోకి చాబీ తిప్పి రీలు జరపాలి. ఏడ్చేవాళ్ల మధ్య ఆ కరకర చప్పుడు చెయ్యడానికి మనసొప్పక, బయటికొచ్చాకే తిప్పేవాడు.

ఆ రోజు మా గల్లీలో పుష్పమ్మ బిడ్డ రాజమణి జ్వరంతో పోయింది. బతికుండగా ఆ పిల్లకి ఒక్క ఫొటో కూడా తీయించలేదు.

"గిదొక్కటన్న మంచిగ తియ్యి అన్నా... మొఖం మర్చిపోతనేమో" అంది పుష్పమ్మ.

తీశాడు. అందరితో పాటు వెళ్లి, పిల్లని పూడ్చి తిరుగుదారి పట్టేసరికి చీకటి పడింది.

బావి దగ్గరికొచ్చాడు... ఏడుపు! నెమలే అనుకుంటూ అడుగు వేశాడో లేదో — ఆకాశం భగ్గుమంది. పెద్ద ఉల్క. అది ఆరిపోయినా దాని చార పోలేదు. సరిగ్గా బావి పైన, తెల్లగా, మెల్లగా వంకర్లు తిరుగుతూ నిలబడింది. ఏడుపు ఆగిపోయింది.

చిన్నాయన వెనక్కి తిరిగి పరుగెత్తబోయాడు. అయినా ఫొటోవాడి బుద్ధి ఊరుకుంటుందా? కెమెరాని ఎదుటి గోడ మీద పెట్టి, చార కరిగేదాకా నొక్కిన మీట వదల్లేదు.

మర్నాడు రీలు కడిగితే — బావి... చార... ఆ చార కింద రాజమణి ముఖం!

అప్పుడు గుర్తొచ్చింది... చాబీ! పిల్ల ఫొటో తీశాక తిప్పనేలేదు. ఒకదాని మీద ఒకటి పడింది. దయ్యం లేదు, గియ్యం లేదు. కానీ పుష్పమ్మకి ఏం చెప్పాలి? మళ్లీ తీద్దామంటే పిల్లేది?

తలొంచుకుని తీసుకెళ్లి ఇచ్చాడు. "తప్పైంది చెల్లే... రీలు తిప్పుడు మర్చిపోయిన."

పుష్పమ్మ లొల్లి చెయ్యలేదు. ఫొటోని దీపం దగ్గర పెట్టుకుని చాలాసేపు చూసింది.

"అన్నా... బిడ్డ కండ్లు నా చేతుల్తోని మూసిన. నువ్వు తీసేటప్పుడు మూసే ఉన్నయ్ గద?"

"మూసే ఉన్నయ్ చెల్లే."

"మరి గీ ఫొటోల... తెరిచి, గా చార ఎలుగు దిక్కు చూస్తున్నదేంది?"

చిన్నాయన వంగి, ఫొటోని దీపం వెలుగులో మళ్లీ చూశాడు. జూలో నెమలి అరిస్తే, ఇప్పుడు నవ్వడు.