అమ్మ వచ్చే వేళ

ఆ సందు చివరింటికి చెడ్డపేరు ఉంది.

పగలు చూస్తే మామూలు మేడ. చీకటి పడ్డాక మాత్రం వెనకవైపు కిటికీలో ఓ ముసలావిడ మొహం కనిపిస్తుందని చెప్పుకునేవారు. పార్సిల్ కోసం వచ్చిన ఒకడు ఆ మొహం చూసి బండి అక్కడే పడేసి పరిగెత్తాడట. పక్కింట్లో డాబామీద బట్టలు తీసుకుంటున్న ఒకావిడ — అర్ధరాత్రి కాదు, శుభ్రంగా ఎనిమిది గంటలకి — ఆ గదిలోంచి దగ్గు విన్నదట. మనిషి దగ్గే... కానీ ఆ గదిలో ఉండాల్సిన మనిషి పోయి మూడేళ్ళయింది.

ఇంకెక్కడైనా అయితే అలాంటి ఇంటికి అద్దెకి కూడా ఎవరూ రారు. ఇది మహానగరం. ఇక్కడ దెయ్యం ఉందంటే వారం ముందే టేబుల్ బుక్ చేసుకోవాలి.

ఆ ఊరి జనానికి ఉత్త తిండి మొహం మొత్తి చాలాకాలమైంది. ఉయ్యాలలో కూర్చోబెట్టి కాఫీ పోసే చోటు ఒకటి కావాలి. కళ్ళకు గంతలు కట్టి భోజనం పెట్టే చోటు ఒకటి కావాలి. జైలు గదిలాంటి గదిలో సంకెళ్ళు వేసి పళ్ళరసం ఇచ్చే చోటుకి ఆలుమగలు పెళ్ళిరోజున వెళ్తారు — ఇంట్లో ఉన్నది చాలదు కాబోలు. అవన్నీ తిరిగేసి ఇంకా విసుగు తీరనివాళ్ళు ఆఖరికి ఈ సందులోకి వచ్చేవారు.

ఆ మేడలో నడిచే హోటల్లో గోడ నిండా ఆ ముసలావిడ ఫొటో. పైన చిన్న ఎర్ర బల్బు. కింద బంగారు రంగు అక్షరాలు — 'అమ్మ వెళ్ళిపోయింది. రుచి వెళ్ళలేదు.'

రోజూ రాత్రి తొమ్మిదింటికి కొడుకు, అంటే యజమాని, ఒక్క నిమిషం లైట్లన్నీ ఆర్పేసేవాడు. దానికి 'అమ్మ వచ్చే వేళ' అని పేరు. చీకట్లో మైకు పట్టుకుని గొంతు వణికిస్తూ "అమ్మా... వచ్చావా?" అని పిలిచేవాడు. జనం ఊపిరి బిగబట్టేవారు. ఎక్కడో గరిటె చప్పుడు వినిపించేది. లైట్లు వెలిగేసరికి సగంమంది కళ్ళు తుడుచుకుంటూ ఇంకో రొట్టె తెమ్మనేవారు.

అమ్మ చేతి వంట అనగానే కళ్ళనీళ్ళు పెట్టుకునే మగవాళ్ళలో, ఆ చేతిని ఓసారి తిప్పి చూసినవాడు ఒక్కడైనా ఉంటాడా?

సరే. ఆ శనివారం అక్కడికి ఒకావిడ వచ్చింది. పత్రికాఫీసులో అందరూ ఆవిణ్ణి 'వదిన' అనేవారు. చనువు కాదు, భయం. పదకొండేళ్ళుగా ఊళ్ళో హోటళ్ళన్నీ తిరిగి, తిన్నది తిన్నట్టు రాస్తోంది. ఎవరి ఉప్పు తిన్నా సరే, ఉప్పు ఎక్కువైతే ఎక్కువైందనే రాసేది.

ఈసారి మాత్రం ఎడిటర్ ముందే పిలిచి చెప్పాడు.

"తిండి సంగతి ఎలా ఉన్నా సరే వదినా, దెయ్యాన్ని చూశానని రాయాలి. ఒళ్ళు జలదరించిందని రాయాలి. వాళ్ళు మనకి పేజీలకి పేజీలు ప్రకటనలు ఇస్తున్నారు."

"కనిపించకపోతే?"

"కనిపించనివాళ్ళకి ఆ శీర్షిక ఎందుకు? కనిపించేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు."

పదకొండేళ్ళ శీర్షిక. ఒక్క అబద్ధం రాస్తే ఉంటుంది, రాయకపోతే ఊడుతుంది. వదిన పళ్ళు కొరుక్కుంటూ వచ్చింది. తోడుగా ఆడపడుచుని లాక్కొచ్చింది. ఆ పిల్ల పెద్దాసుపత్రిలో నర్సు. శవాల గది పక్కన ఆరేళ్ళు నైట్ డ్యూటీ చేసింది. అయినా దెయ్యమంటే హడలు.

"శవాలకి జంకవు, దెయ్యానికి భయమేంటే?"

"శవం మన వెనకాల రాదుగా వదినా."

సూప్ వచ్చింది. మాంసం కూర, రొట్టె వచ్చాయి. వదిన ఒక చెంచా నోట్లో పెట్టుకుని ఆగిపోయింది. ఇంకో చెంచా తీసుకుంది. మళ్ళీ ఆగింది.

"బాగాలేదా?" అంది ఆడపడుచు.

"అదే వచ్చిన చిక్కు. బాగుంది."

బాగుండటం కాదు. పదకొండేళ్ళలో అలాంటి కూర తినలేదు. ఎక్కడా తొందర లేదు, ఆర్భాటం లేదు. ఉల్లిపాయ ఎంతసేపు వేగాలో అంతసేపు దగ్గర నిలబడ్డ మనిషి ఎవరో ఉన్నారు దాని వెనక.

యజమాని చేతులు నలుపుకుంటూ వచ్చాడు. "ఎలా ఉంది మేడమ్? అంతా అమ్మ చలవ. అమ్మకి వంటంటే ప్రాణం..."

"వండిందెవరు?"

"అదిగో, మావాళ్ళే," అని అద్దాల వంటగది చూపించాడు.

అందులో పొడుగు టోపీలు పెట్టుకున్న నలుగురు మగవాళ్ళు పెనాలు గాల్లోకి ఎగరేస్తున్నారు. మంటలు లేపుతున్నారు. జనం వీడియోలు తీస్తున్నారు. వదిన మంటలు చూడలేదు, చేతులు చూసింది. ఎనిమిది చేతుల్లో ఒక్కదానిమీదా కాలిన మచ్చ లేదు. నాలుగు తెల్లకోట్లమీద ఒక్క మరక లేదు. పైగా ఆ పెనాల్లో ఎగురుతున్నవి క్యాప్సికం ముక్కలు. తను తిన్న కూరలో క్యాప్సికమే లేదు.

అతను పక్క టేబుల్‌కి వెళ్ళాక వదిన లేచింది. "చెయ్యి కడుక్కొద్దాం పద."

"ఒక్కదానివే వెళ్ళొచ్చుగా..."

"పద."

వెనక నడవా సన్నగా, చీకటిగా ఉంది. మలుపు తిరిగేసరికి హాల్లో గోల మొత్తం ఆగిపోయినట్టయింది. చివర ఒక తలుపు. దానిమీద బోర్డు — 'అమ్మ గది. లోపలికి రావద్దు.' తలుపు పక్కన గోడలో, నడుము ఎత్తున, చిన్న చెక్క కిటికీ. మూసి ఉంది.

లోపల... ఎవరో కూనిరాగం తీస్తున్నారు.

ఆడపడుచు వదిన మోచెయ్యి పట్టుకుంది. "వదినా... ఉల్లిపాయలు వేగుతున్న వాసన..."

"ష్..."

కూనిరాగం ఆగింది.

చెక్క కిటికీ కిర్రుమంటూ జరిగింది. లోపల్నుంచి ఒక చెయ్యి బయటికి వచ్చింది — ముడతలు పడ్డ చెయ్యి, మణికట్టు దాకా కాలిన మచ్చలు, ఆవిరి తేలుతున్న గిన్నెతో. గిన్నె గట్టుమీద పెట్టి, చెక్కమీద రెండుసార్లు కొట్టింది. టక్... టక్...

ఆడపడుచు కెవ్వుమనబోయింది. కానీ ఆరేళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది? ఎదురుగా చెయ్యి కనిపించేసరికి తన చెయ్యి దానంతటదే వెళ్ళి మణికట్టు పట్టుకుంది. మూడు వేళ్ళు సరిగ్గా పడాల్సిన చోటే పడ్డాయి. కళ్ళు వాచీమీదికి వెళ్ళాయి.

ఆ చెయ్యి లాక్కోలేదు. ఊరుకుంది.

"తొంభై రెండు..." అంది ఆ పిల్ల గుసగుసగా.

"ఏంటే?"

"నాడి... దెయ్యానికి నాడి తొంభై రెండు కొట్టుకుంటోంది వదినా."

వదిన తలుపు నెట్టింది. తాళం లేదు. తాళం వెయ్యకపోయినా బయటికి రారని నమ్మకం కలిగిన ఖైదీలకి తాళం దండగ.

లోపల ఆరు పొయ్యిలు. వాటి మధ్య, గోడమీది ఫొటోలో ఉన్న ఆవిడే. కాకపోతే ఫొటోలో నవ్వుతోంది.

ఆడపడుచు ముందు కాళ్ళకేసి చూసింది. "పాదాలు ముందుకే ఉన్నాయి వదినా... వాచి ఉన్నాయి."

"వాయక ఏం చేస్తాయి తల్లీ," అంది ఆవిడ. "పొద్దున ఆరింటికి నిలబడ్డాను."

"పెద్దమ్మా, మీరు..."

"ఒంట్లో బాగాలేక పదిహేను రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. నేను లేకపోయేసరికి జనం రావడం మానేశారట. జాలిపడి వస్తారని వీడు ఫొటో పెట్టాడు. వచ్చారు, విరగబడి వచ్చారు. నేను ఇంటికొచ్చేసరికి చచ్చిపోయి ఉన్నానమ్మా." ఆవిడ గరిటెతో కూర కలిపింది. "ఒక్క నెల ఓర్చుకో అమ్మా అన్నాడు. మా చెల్లెలు పరామర్శకని వచ్చి ఆ హాల్లో కూర్చుని గుండెలవిసేలా ఏడ్చింది. ఈ గోడకి చెవి ఆనించి విన్నాను. పలకొద్దన్నాడు. పలకలేదు."

"మూడేళ్ళు ఎలా ఊరుకున్నారు?"

"కొడుకు కదా." ఆ మాటలో ప్రేమ ఉందో అలసట ఉందో వదినకి తెలియలేదు. బహుశా ఆవిడకీ తెలియదు.

ఆవిడ గరిటె దించి దగ్గరికి వచ్చింది. గొంతు తగ్గించింది. "నువ్వు పత్రికలో రాసేదానివటగా. ఉదయం నుంచీ వాడికి నీ గోలే. ఒక్క ఉపకారం చెయ్యి... వంట బాగాలేదని రాయి. నోట్లో పెట్టుకోలేమని రాయి. జనం మానేస్తారు, నేను కూర్చుంటాను."

"మీరే పాడుచెయ్యొచ్చుగా," అంది ఆడపడుచు. "ఇంత ఉప్పు గుమ్మరిస్తే సరి."

"చెయ్యలేదనుకున్నావా? మొన్న గుప్పెడు తీశాను. చెయ్యి గిన్నెమీదికి వెళ్ళింది. వేళ్ళ సందుల్లోంచి కావలసినంతే పడింది... మిగతాది పడదే!"

ఎడిటర్‌కి ఒక అబద్ధం కావాలి. ఈవిడకి ఇంకొకటి కావాలి. ఇద్దరికీ వదిన కలంతోనే పని.

"రాయలేను పెద్దమ్మా. ఆ కూర తిన్న నాలుకతో ఆ మాట అనలేను. మీరు నడిచి వెళ్ళిపోండి."

"ఎక్కణ్ణుంచి? దారి హాల్లోంచే. నన్ను చూస్తే జనం హడలిపోతారు."

"హడలిపోనివ్వండి. డబ్బిచ్చి వచ్చింది అందుకేగా!"

ఆవిడ మొట్టమొదటిసారి ఫొటోలోలా నవ్వబోయింది. అంతలో లైట్లు ఆరిపోయాయి.

తొమ్మిదైంది.

పొయ్యి మంటల వెలుగులో ఆవిడ చెయ్యి అలవాటుగా మంట తగ్గించడానికి వెళ్ళింది... దగ్గరదాకా వెళ్ళింది... ఆగింది. వెనక్కి వచ్చేసింది.

నడవాలో ముగ్గురూ గోడ తడుముకుంటూ నడిచారు. హాలు నిండా చీకటి. నూటయాభైమంది ఉండి ఒక్కరు కదలరు. మైకులో కొడుకు గొంతు, రోజూ వణికే చోటే వణికింది —

"అమ్మా... వచ్చావా?"

"వచ్చాన్రా."

ఎవరి చేతిలోదో గ్లాసు జారి భళ్ళుమంది.

లైట్లు వెలిగాయి. టేబుళ్ళ మధ్య, సరిగ్గా ఫొటో ఎదురుగా, ఫొటోలోని మనిషి నిలబడి ఉంది. ఒకామె గుడ్లు తేలేసి భర్తమీద పడిపోయింది. ఒకాయన కుర్చీతో సహా వెనక్కి దొర్లాడు. తర్వాత... ఎవడో చప్పట్లు కొట్టాడు. ఇంకొకడు కొట్టాడు. హాలంతా చప్పట్లు. ఫోన్లు లేచాయి.

"భలే తయారుచేశారండీ! అచ్చు ఆవిడలాగే ఉంది!"

వదిన ఆ ఫోన్లకేసి చూసింది. అయిపోయింది... దీన్నీ వినోదం చేసుకున్నారు. రేపట్నుంచి ఈవిడ రోజూ తొమ్మిదింటికి హాల్లోకి కూడా రావాలి.

యజమాని ముఖం సున్నం కొట్టినట్టుంది. కానీ చప్పట్లు వినేసరికి తేరుకున్నాడు, నవ్వు తెచ్చుకున్నాడు, జనానికి వంగి నమస్కారం కూడా పెట్టబోయాడు. అప్పుడు వచ్చింది వాసన. వెనక నడవాలోంచి, నల్లగా, ఘాటుగా.

అతని ముక్కుపుటాలు అదిరాయి. మైకు చేతిలోనే ఉంది. నోరు దానంతటదే తెరుచుకుంది —

"కూర మాడిపోతోందమ్మా! ఇక్కడేం చేస్తున్నావు, లోపలికెళ్ళు!"

చప్పట్లు ఆగిపోయాయి. ఒక్కొక్కటిగా కాదు, అన్నీ ఒక్కసారే.

నూటయాభైమంది ఆవిడ ముఖం చూశారు. తర్వాత ఆవిడ చేతులు చూశారు. తర్వాత తమ కంచాలకేసి చూసుకున్నారు.

"అమ్మా... జనం చూస్తున్నారు," అన్నాడు కొడుకు. ఈసారి గొంతు నిజంగానే వణికింది.

"చూడనీ. మూడేళ్ళుగా నువ్వేగా పిలుస్తున్నావు."

"పొయ్యిమీద కూర..."

"చచ్చినదానితో వంటేమిటి నాయనా?" అని ఆవిడ గుమ్మంకేసి నడిచింది. అడ్డం వచ్చేందుకు ఒక్కడికీ ధైర్యం చాలలేదు. బతికున్నప్పుడు ఆవిడకి ఏనాడూ ఎవరూ అంత దారి ఇచ్చి ఉండరు.

వాళ్ళు గుమ్మం దాటుతుంటే వెనక ఎవడో అడుగుతున్నాడు — "మరి మా ఆర్డర్ సంగతేంటండీ?"

సందు మలుపులో వదిన ఫోను మోగింది. ఎడిటర్.

"ఏం వదినా, చూశావా?"

"చూశాను. పక్కనే నడుస్తోంది."

"అబ్బ! ఒళ్ళు జలదరించిందా?"

"జలదరించింది. మీ ప్రకటన పోయింది. చూసింది చూసినట్టు రాస్తాను, మీరు వెయ్యనంటే పక్క పత్రికవాళ్ళు రాత్రికి రాత్రి వేసుకుంటారు. ఆలోచించుకుని చెప్పండి." ఫోను సంచిలో పడేసింది.

రెండు వీధుల అవతల, ఉయ్యాలలూ సంకెళ్ళూ లేని చిన్న హోటల్. నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. పెద్దావిడ కూర్చుంది. కూర్చున్నాక కాసేపు అలాగే ఉండిపోయింది, తర్వాత ఏం చెయ్యాలో గుర్తురానట్టు.

"పొద్దున్నే మీ చెల్లెలింటికి వెళ్దాం పెద్దమ్మా," అంది ఆడపడుచు. "ముందు నేను వెళ్ళి చెప్తాను. లేకపోతే ఆవిణ్ణి మా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి."

సూప్ వచ్చింది. వదిన ఒక చెంచా తాగి మొహం చిట్లించింది. నీళ్ళు. ఉప్పు లేదు. మాడిన వెల్లుల్లి ముక్క ఒకటి బిక్కుబిక్కుమంటూ తేలుతోంది. ఆవిడ మాత్రం తలెత్తకుండా గిన్నె ఖాళీ చేసింది. గిన్నె వంచి అడుగున ఉన్నది కూడా తాగేసింది.

"ఎలా తాగారండీ దీన్ని?"

"బ్రహ్మాండంగా ఉంది. నేను చెయ్యలేదుగా."

గిన్నెలు తియ్యడానికి హోటలతను వచ్చాడు. ఆవిడ మొహం చూశాడు. ఇంకోసారి చూశాడు. ఊరంతా ఆ పోస్టర్లే. గిన్నెలు ముట్టుకోకుండా ఒకడుగు వెనక్కి వేశాడు.

"మీరు... మీరు... ఆ సందు చివరింటి..."

ఆడపడుచు సంగతి చెప్పబోయింది. ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

"అవును నాయనా, ఆవిడనే. పోయి మూడేళ్ళయింది," అంది, ఖాళీ గిన్నె అతనికేసి జరుపుతూ. "ఇంకో గిన్నెడు పట్రా. ఈసారి వేడిగా."