మైలవరం చేరని కారు

"పన్నెండో నంబర్ స్పానర్ అడిగితే పద్నాలుగు ఇస్తావేంటి?"

"చేతికేది దొరికితే అదిచ్చా. కావాలంటే తీసుకో, లేకపోతే పళ్లతో తిప్పుకో," అంది హాసిని.

కారు బానెట్ కింద నుంచి సందీప్ తల బయటికొచ్చింది. ముక్కు మీద ఇంత లావు గ్రీజు మరక. మామూలప్పుడైతే హాసిని పగలబడి నవ్వేది. ఇవాళ పొద్దున్నుంచి ఆ పిల్ల మొహంలో నవ్వన్నది మచ్చుకైనా లేదు.

ఎలా ఉంటుందండీ? కారు తనది. సీజన్లో తమ తోట మామిడి రసాల పెట్టెలు బెజవాడ చేరవెయ్యడానికి ముచ్చటపడి కొనుక్కున్న సెకండ్ హ్యాండ్ కారు. ఎదురింటి సందీప్ మొన్న గురువారం ఆ కారే అడిగి తీసుకుని, వాళ్లమ్మ పుష్పవతిని ఎక్కించుకుని మైలవరం బయల్దేరాడు. ఎందుకయ్యా అంటే, పెళ్లిచూపులకి! నూజివీడు దాటారో లేదో, స్టీరింగ్ మూలిగింది, బిగుసుకుపోయింది, బెల్టు కాలిన వాసన కొట్టింది, కారు నడిరోడ్డు మీద ఆగిపోయింది. పట్టుచీర కట్టుకున్న పుష్పవతి స్వీట్ల సంచి పట్టుకుని ఎండలో నిలబడి నిలబడి, చివరికి ఆటోలో తమ ఊరు ఆగిరిపల్లి తిరిగొచ్చింది.

పవర్ స్టీరింగ్ పంపు పోయింది. మార్చాలి. ఈ రోజుల్లో మెకానిక్ దొరుకుతాడా? మామిడికాయల వ్యాన్లన్నీ వాళ్ల షెడ్ల ముందే పడిగాపులు. అందుకని సందీపే బెజవాడ వెళ్లి కొత్త పంపు తెచ్చి, హాసిని వాళ్ల వాకిట్లోనే పని మొదలెట్టాడు. నూజివీడులో మోటార్లూ డ్రిప్పు పైపులూ అమ్మే షాపు అతనిది. విప్పడం, బిగించడం చేతనవును.

పోనీ అంతటితో అయిందా? రేపు మళ్లీ మంచిరోజట. మళ్లీ మైలవరమట. మళ్లీ ఇదే కారట!

అంటే తనే దగ్గరుండి స్పానర్లందించి, కారు బాగు చేయించి, వీణ్ణి ఇంకో పిల్ల ఇంటికి సాగనంపాలి. హాసినికి ఒళ్లు మండిపోయింది. వాడంటే తనకి ప్రాణం. ఆ ముక్క ఇంతవరకూ పైకి అన్లేదు, అది వేరే సంగతి.

"బెల్టు తీసేశా. పైపు విప్పుతున్నా, ఆయిల్ కారుతుంది, కింద ట్రే పెట్టు."

ఠంగున పెట్టింది.

"అబ్బా! నా కాలి మీద పెట్టావు."

"అక్కడ కాలుందని చూళ్లేదు."

"ఎందుకు హాసీ అంత కోపం?"

"కోపమా? నాకెందుకు కోపం? కారిచ్చిన పాపానికి అనుభవిస్తున్నా. త్వరగా కానివ్వు. రేపు పెళ్లికొడుకువి కదా, గోళ్లలో ఆ గ్రీజు చూస్తే పిల్ల జడుసుకుంటుంది."

"జడుసుకుంటే మంచిదేగా," అని గొణిగాడు సందీప్.

"ఏంటి?"

"ఏం లేదు. ఇది పట్టుకో."

పాత పంపు ఊడొచ్చింది. దాని చక్రాన్ని హాసిని చేత్తో తిప్పబోతే కదల్లేదు. సందీప్ కొత్త పంపు కూర్చోబెట్టి, బోల్టులు బిగించి, పైపులు తగిలించి, కొత్త బెల్టు ఎక్కించాడు.

"స్టీరింగ్ ఆయిల్ పోద్దాం. డబ్బా డ్రైవర్ సీటు కిందుంది, అందుకో."

హాసిని వంగి డబ్బా లాగింది. మూత తిప్పబోయి ఆగిపోయింది. సీలు వేసింది వేసినట్టే ఉంది.

"ఇది గురువారం తాళాలతో పాటు నీకిచ్చిన డబ్బా కదూ? ఆయిల్ తగ్గింది, పోసుకుని వెళ్లు, లేకపోతే పంపు కాలిపోతుందని లక్షసార్లు చెప్పా. విన్నావా?"

"విన్నా."

"మర్చిపోయావా?"

అవునంటే అక్కడితో పోయేది. కానీ సందీప్‌కి అబద్ధమాడ్డం రాదు. "లేదు," అన్నాడు.

"కావాలనే పొయ్యలేదా?"

సందీప్ పాత పంపుని గుడ్డతో తుడవడం మొదలెట్టాడు.

"నా కారు! సీజన్ మధ్యలో నా కారు! పళ్లన్నీ షెడ్డులో మగ్గిపోతున్నాయి. ఆర్డరిచ్చినవాళ్లు ఫోన్లు చేసి చెడామడా తిడుతున్నారు. కావాలని చేశావా!" హాసిని చేతిలోకి స్పానర్ వచ్చింది. ఈసారి సరైన నంబరే.

సందీప్ గబుక్కున బానెట్ చాటుకి వెళ్లాడు. "తర్వాత కొడుదువు గానీ, ముందు పైపుల్లో గాలి పోవాలి. కారు జాకీ మీదే ఉంది, నువ్వెళ్లి స్టీరింగ్ ఈ చివర్నుంచి ఆ చివరికి తిప్పు. నేను ఆయిల్ చూస్తూ పోస్తుంటా."

హాసిని ఎక్కి కూర్చుని డోరు వేసింది. వీధంతా ఉలిక్కిపడింది. ఎదురుగా లేచి ఉన్న బానెట్ తప్ప మనిషి కనపడడం లేదు.

"ఎడమకి. మెల్లిగా."

పళ్లు బిగించి తిప్పింది.

"ఇప్పుడు కుడికి."

"ఎందుకు పొయ్యలేదు?"

"కుడికి తిప్పు హాసీ."

"చెప్తేగానీ తిప్పను."

బానెట్ అవతల ఆయిల్ డబ్బా కింద పెట్టిన చప్పుడైంది. తర్వాత మెల్లిగా మాట వచ్చింది. "నాకు మైలవరం వెళ్లాలని లేదు. అమ్మతో ఆ మాట అనలేకపోయా. కారు ఆగిపోతే సంబంధం దానంతటదే పోతుందనుకున్నా."

"ఏం, ఆ పిల్లకేం తక్కువ?"

"ఆ అమ్మాయికేం తక్కువ లేదు. నాకు నువ్వంటే ఇష్టం."

హాసిని చేతులు స్టీరింగ్ మీదే ఉండిపోయాయి. ఒక్క క్షణం ఎగిరి గంతెయ్యాలనిపించింది. రెండో క్షణం, ఇంతకుముందున్న కోపం రెట్టింపైంది. కారు దిగి బానెట్ దగ్గరికొచ్చింది.

"ఈ మాట చెప్పడానికి నా పంపు కాల్చాలా? నోరు లేదా నీకు? అక్కడ ఆ పిల్ల ముస్తాబై కూర్చుంది. ఇక్కడ పుష్పవతి అత్తయ్య ఎండలో మాడిపోయింది. నీకేమో నోరు మూసుకుని నిలబడ్డమే తెలుసు! రేపేం చేద్దామనుకున్నావు, టైర్లు కోస్తావా?"

"ఇంకా ఆలోచించలేదు," అన్నాడు నిజాయితీగా.

"నాకూ నువ్వంటే ఇష్టమేరా! కానీ దొంగచాటుగా పంపులు కాల్చేవాడితో కాపరం నావల్ల కాదు. వెళ్లి అత్తయ్యకి చెప్పు. చెప్పలేదో, రేపు నేనే కారు నడిపి నిన్ను మైలవరంలో దింపొస్తా. ఒట్టు!"

ఆ పిల్ల అన్నంత పనీ చేస్తుంది. ఆ సంగతి సందీప్‌కి బాగా తెలుసు.

మిగతా పని మాటల్లేకుండా జరిగింది. స్టీరింగ్ అటూ ఇటూ తిరిగింది, ఆయిల్లో బుడగలు తగ్గాయి. జాకీ దించి స్టార్ట్ చేస్తే పంపు కాస్త గునిసి ఊరుకుంది. స్టీరింగ్ ఒంటివేలికి తిరిగింది.

"ఏంటర్రా ఆ అరుపులు? కారు బాగైందా?" అంటూ పుష్పవతి రోడ్డు దాటొచ్చింది. చుట్టరికం లేకపోయినా హాసినికి ఆవిడ అత్తయ్యే. సందీప్‌కి తండ్రి లేడు, ఆ ఇంట్లో పెళ్లి మాటలన్నీ ఆవిడవే.

సందీప్ హాసిని వంక చూశాడు. హాసిని చేతులు కట్టుకుని ఎటో చూస్తోంది.

"అమ్మా, నేను మైలవరం రాను. హాసినిని చేసుకుంటా. మొన్న కారు దానంతటది చెడిపోలేదు, నేనే చెడగొట్టా."

పుష్పవతి మొహం కందగడ్డైంది. "అందుకా నన్ను నడిరోడ్డు మీద నిలబెట్టావు? పాపం వాళ్లు గుమ్మంలో ఎదురుచూశారు కదరా! అడగందే అమ్మయినా పెట్టదంటారు. నేను అమ్మనేరా సన్నాసీ! ఎప్పుడైనా అడిగావా? ముందు వాళ్లకి ఫోన్ చెయ్యి. తప్పయిందని నువ్వే చెప్పుకో."

సందీప్ ఫోన్ చేశాడు. అవతలివాళ్లు పెట్టిన చివాట్లన్నీ తలొంచుకుని తిన్నాడు. బాగా అయిందనుకుంది హాసిని.

"నువ్వేంటే అలా చూస్తావు?" పుష్పవతి ఇటు తిరిగింది. "వాడికి నోరు లేదు సరే. నీకుందిగా, వీధంతటికీ వినపడే నోరు! మొన్న తాళాలిచ్చి 'శుభం అత్తయ్యా' అని సాగనంపిందెవరు? ఆ నోటితో ఈ మాటెందుకు చెప్పలేదు?"

పొద్దున్నుంచి ఊపిరి తీసుకోకుండా తిట్టిన హాసిని, కారు మీది గ్రీజు మరకని గోటితో గీకింది.

"భయమేసింది అత్తయ్యా. మీరు కాదంటే ఇంక మీ గడప తొక్కలేను కదా," అంది. కళ్లనిండా నీళ్లు.

పుష్పవతి కొంగుతో ఆ పిల్ల కళ్లు తుడిచింది. "ఏడవకు. కారు తియ్యి. మీ నాన్న తోటలోనే ఉన్నాడుగా?"

హాసిని తండ్రి వెంకటకృష్ణారావు చెట్ల కింద కాయలు ఏరిస్తున్నాడు. కారు సరిగ్గా ఆగనే లేదు, పుష్పవతి కారు కిటికీలోంచి తల బయటపెట్టింది.

"అన్నయ్యగారూ, మీ హాసినిని మా వాడికిస్తారా ఇవ్వరా? అది చెప్పండి, అప్పుడు దిగుతా!"

ఆయన నడుం మీద చేతులు పెట్టుకుని అంతకంటే గట్టిగా అరిచాడు. "ఇప్పుడా అడగడం? నేనే అడుగుదామంటే, ఎదురింటివాళ్లు మొహమాటానికి ఒప్పుకుంటారేమోనని నోరు మూసుకున్నా. ఇవ్వకేం చేస్తానమ్మా! మొన్న మీరు మైలవరం బయల్దేరింది మొదలు ఈ పిల్ల ఒకటే ఏడుపు. అడిగితే 'కారు పాడైంది నాన్నా' అంటుంది. కారు ఆగింది పదింటికి. ఇది ఏడుపు మొదలెట్టింది తొమ్మిదింటికి!"

వెనక సీట్లోంచి సందీప్ ముందుకి వంగాడు. "ఏడ్చావా హాసీ?"

"కారు కోసమే!" అని అందరి మీదా అరిచింది హాసిని. ఎవరూ నమ్మలేదు.